తవుడుకు కొన్న కొడుకు

ఇందులో ఎవరి పేరూ రాయను. భయపడి కాదు. మా ఇంటివాళ్ళు పేరంటే పడిచచ్చే మనుషులు. గుడికి ఫ్యాను ఇస్తే రెక్కల మీద పేరు రాయిస్తారు, తిరిగేటప్పుడు ఎవరికీ కనిపించదని తెలిసినా. అలాంటివాళ్ళ గురించి ఇన్ని కాగితాలు రాసి, ఒక్కరి పేరు కూడా అందులో లేకుండా చేయడం ఇప్పుడు నా చేతిలో ఉన్న పని. అక్షరాలు నేర్చుకున్నాక నాకు దొరికిన సుఖాల్లో ఇదొకటి.

నేను పుట్టింది గజపతినగరం పక్క పల్లెలో. నన్ను ఇచ్చింది రాజాం దగ్గర ఊరికి, వరి, నువ్వులు, గోగు పండించే ఇంటికి. ఇద్దరన్నదమ్ములున్న ఆ ఇంట్లో నేను చిన్న కోడల్ని. కాపురానికి వెళ్ళిన రోజునే నా పేరు పోయింది. మా అత్తగారి పేరూ నా పేరూ ఒకటే. సింహాద్రి అప్పన్న మీద పెట్టుకున్న పేరు. మా వైపు ఏ వీధిలో నిలబడి ఆ పేరుతో కేకేసినా నలుగురు ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు. అత్తగారి పేరుతో కోడల్ని పిలవకూడదు గనక నన్ను ఊరి పేరుతో పిలవడం మొదలుపెట్టారు. మా పల్లె పేరు వాళ్ళ నోటికి తిరగలేదు, పక్కనున్న టౌను పేరు పట్టుకున్నారు.

"ఒసే గజపతినగరం, పొయ్యి సూడు."

"గజపతినగరం ఏదీ? గొడ్లకి కుడితి పెట్టినాదా?"

నాకొక్కదానికే కాదు, ఆ వీధిలో కోడళ్ళందరికీ అంతే. ఒకామె చీపురుపల్లి, ఒకామె పాలకొండ, ఇంకొకామె బొబ్బిలి. ఏటి దగ్గర మేమంతా బట్టలుతుకుతూ ఒకరినొకరు పిలుచుకుంటుంటే బస్సు కండక్టరు కేకల్లా ఉండేది. అప్పుడు నవ్వుకునేవాళ్ళం. నవ్వడానికి ఏముందో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

నాకు మొదట కొడుకు పుట్టి పోయాడు. తర్వాత కూతురు పుట్టి పోయింది. ఇద్దరూ పురుడు చేసి పేరు పెట్టే రోజు దాకా ఆగలేదు. పేరు పెట్టని పిల్లల కోసం మా వైపు గట్టిగా ఏడవనివ్వరు. మగవాళ్ళు పొలం గట్టున పాతిపెట్టి వచ్చి, కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చుంటారు. ఆ తర్వాత ఎవరైనా "పిల్లలెంతమంది?" అని అడిగితే "ఇంకా లేరు" అనాలి. నేను అలాగే అన్నాను.

మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు, పుట్టిన బిడ్డను తవుడుకి అమ్మేయాలని మా అత్తగారు నిర్ణయించింది. మా జిల్లాల్లో ఈ పద్ధతి తెలియని ఇల్లు ఉండదు. పిల్లలు దక్కని తల్లి, పుట్టిన బిడ్డను చేటలో వేసి పెంటకుప్ప మీద పెడుతుంది. ఇంకొకావిడ దారిన పోతున్నట్టు వచ్చి, "ఈ గుంటడు ఎవుల గుంటడే?" అని అడుగుతుంది. తల్లి "నాకు తెల్దు, నాది కాదు" అనాలి. ఆవిడ చేటెడు తవుడు తల్లి ఒళ్ళో పోసి బిడ్డను ఎత్తుకుంటుంది. అప్పటినుంచి ఆ బిడ్డ ఆవిడది. నీ బిడ్డను వెతుక్కుంటూ వచ్చే చావుకి నీ ఇంట్లో నీ బిడ్డ కనిపించడు. తల్లే పాలిస్తుంది, కాని పరాయి బిడ్డకు ఇస్తున్నట్టు ఇస్తుంది. బిడ్డకు తవుడు మీద పేరు పెడతారు. ఐదేళ్ళు నిండాక, కొన్నావిడకు చీర, పసుపు, కుంకుమ ఇచ్చి బిడ్డను విడిపించుకుంటారు. దాంతో నాటకం అయిపోతుంది, పేరు మాత్రం ఉండిపోతుంది.

వంశవృక్షాలు గీసేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకొక మాట. తవుడు మీద పెట్టిన పేరు కనిపించిన చోట కాసేపు ఆగండి. మొదటి కాన్పు బిడ్డకు ఆ పేరు ఎవరూ పెట్టరు. ఆ పేరుకు ముందు, పేర్లు లేని పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉండి తీరుతారు. వాళ్ళు మీ కాగితం మీద ఉండరు.

నా బిడ్డను చేపలు తెచ్చే ఆవిడకు అమ్ముదామన్నాను. సముద్రం వైపు నుంచి గంప నెత్తిన పెట్టుకుని బస్సు మీద వచ్చేది. ఇంటినిండా పిల్లలు, ఒక్కరూ పోలేదు. అలాంటి చేతిలో పడితే మంచిదనుకున్నాను. మా అత్తగారు ఒప్పుకోలేదు.

"సేపలోలకి అమ్ముతావేటే మన గుంటణ్ణి? ఇంట్లో మనిషి నేదా?"

ఇంట్లో మనిషంటే మా పెద్ద తోడికోడలు, మా ఆయన అన్నగారి భార్య. నేను ఆవిడను అక్క వరసన అప్పా అని పిలిచేదాన్ని. ఆవిడకు కాన్పే లేదు. తవుడు పోసి నా కొడుకును ఎత్తుకున్నాక ఆవిడ వాణ్ణి పొద్దుగూకేదాకా కిందికి దించలేదు. అది చూసి నాకు ఆ రోజు జాలేసింది.

వాడు బతికాడు. ఐదేళ్ళు నిండాయి. నేను రాజాం వెళ్ళి ఆవిడకు అంచు చీర కొని తెచ్చాను. ఆవిడ తీసుకోలేదు.

"ఈ యేడు వోడికి బాగోనేదంట. పై యేడు సూద్దారి."

మరుసటి ఏడు వాడికి ఒంటి మీద అమ్మవారు పోసింది. తగ్గాక ఆవిడ నా దగ్గరకొచ్చి, "సూసినావా? ఇడిపించీసుంటే ఈ పాటికి పోయుండేవోడు" అంది. ఇద్దరిని గట్టున పెట్టిన మనిషికి ఆ మాట చాలు. నేను మళ్ళీ అడగడానికి భయపడ్డాను. నాలుగు పంటలు గడిచాక అడిగితే ఇంకో సాకు, ఆ తర్వాత ఇంకొకటి. చీర పెట్టెలోనే మడతల దగ్గర చినిగిపోయింది.

ఈలోపల వాణ్ణి బడిలో వేశారు. మా బావగారు, అంటే ఆవిడ భర్త, తపాలా ఆఫీసులో పని చేసేవారు. ఇంట్లో చదువు వచ్చింది ఆయనొక్కరికే గనక ఆయనే తీసుకెళ్ళారు. తండ్రి పేరు అడిగితే తన పేరు చెప్పారు. "కొన్నోలమే గదా ఇప్పుడు. ఇడిపించుకున్నాక మారుద్దాం" అన్నారు. మా ఆయన అన్నగారి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. నాకేమో ఏ కాగితంలో ఏముందో తెలియదు. వాడు ఆవిణ్ణి అమ్మా అనేవాడు, నన్ను పిన్నీ అనేవాడు. అన్నదమ్ములు వేరుపడి దొడ్లో గోడ కట్టినప్పుడు వాడు గోడకు అటువైపు ఉండిపోయాడు. ఎవరి కొడుకో వాడికి తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన సంగతి గనకనే ఎవరూ మాట్లాడలేదు.

మా ఆయన పోయినప్పుడు వాడే కొరివి పెట్టాడు. పదో రోజున ఏటి గట్టున నలుగురిలో మా తోడికోడలు అంది: "బాబాయికి పిల్లల్నేరని మావోడే ముందుకొచ్చినాడు. మావోడి మనసు అలాటిది." నా గాజులు తీస్తున్న ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. నేను తల దించలేదు. ఆవిడ నోటి వైపే చూశాను.

ఆ తర్వాతే నేను అక్షరాలు నేర్చుకున్నాను. పొలం పని లేని మధ్యాహ్నాలు పెద్దవాళ్ళకు చదువు చెప్పే కేంద్రం మా వీధి చివర పెట్టారు. చెప్పే అమ్మాయి ఆ వీధి కోడలే. నా వేళ్ళు కొడవలి పిడికి అలవాటుపడినవి, పలక మీద బలపం రోజుకు మూడుసార్లు విరిగేది. 'ఖ' రాస్తే ముడతపడిన ఆకులా ఉండేది. అయినా వెళ్ళాను. మా తోడికోడలు అరుగు మీద కూర్చుని నేను పలక పట్టుకుని వెళ్తుంటే నవ్వేది.

"సదివి ఏటి సేస్తావే, కలకటేరు అవుతావేటి?"

"నువ్వూ రా అప్పా, ఇద్దరం అవుదుం."

"నాకేటి కరమ? సదివి పెట్టడానికి నాకు కొడుకున్నాడు."

పలక మీద ఆ రోజు నేర్చుకున్న అక్షరాలు ఏవో నాకు గుర్తు లేవు. ఆ మాట మాత్రం ఉంది.

అప్పుడే భోగాపురంలో విమానాశ్రయం కడతారని మాట పుట్టింది. అటువైపు భూములున్న మా చుట్టాలు, ఎవరు ఎవరి కొడుకో ఎవరు ఎవరి మనవడో రుజువు చేసుకోలేక పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. తాత పేరు మనవడికి పెట్టడం మాలో ఆనవాయితీ. అందువల్ల ఒక తరం విడిచి ఒక తరంలో అవే పేర్లు. అన్నదమ్ముల పిల్లలు అందరూ ఒకే తాత పేరు పెట్టుకుంటే ఒకే ఇంటి పేరుతో, ఒకే పేరుతో ముగ్గురు. పొట్టోడు, ఎర్రోడు, నడిపోడు అని ఊళ్ళో తేడా తెలుస్తుంది గాని కాగితం మీద ఎలా తెలుస్తుంది? వాళ్ళ పాట్లు చూసి మా బావగారు, అప్పటికి రిటైరైపోయి ఊరికే ఉన్న మనిషి, మన వంశవృక్షం మనం తీసి మన అమ్మవారి గుడిలో రాయి మీద చెక్కించేద్దాం అన్నారు. ఇంటిపేరు వాళ్ళంతా చందాలు వేసుకుని గుడి కొత్తగా కట్టిస్తున్న రోజులవి.

నిజం చెప్పాలి, ఆయన ఆ పని ఓపికగా చేశారు. అందులో ఇబ్బంది ఎంతో నేను కళ్ళారా చూశాను. మా అందరిలోకీ పెద్దావిడ, మా మామగారి అన్న భార్య, మా అరుగు మీద చింతపండు పిక్క తీస్తుంటే ఆయన కాగితం, పెన్ను పట్టుకుని వచ్చారు.

"పెద్దమ్మా, పెదనాన్న పేరు సెప్పు. రాసుకోవాల."

"ఓలమ్మా! మీ పెదనాన్న పేరు నాను సెప్తానేటి? నోరు పడిపోదా?"

"ఆయన పోయి ఎన్నాళ్ళయినాదే!"

"పోతే? ఇనపడదేటి ఆయనకి?"

"పోనీ గుర్తు సెప్పు."

"సింహాచలం కొండ మీద ఉన్నోడు."

"అప్పన్న. అప్పన్నకి ఎనకాల ఏటున్నాది? మనింట్లో అప్పన్నలు మందలాగ ఉన్నారు."

"మీ నాన్న పేరులో ఎనకాల సగముంటాది సూడు, అది తెచ్చి తగిలించు."

ఆయన తగిలించుకున్నారు. "మరి మీ అత్తగారి పేరో?" అంటే ఆవిడ చింతపండు పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించింది. "తెర్లామామె అనీవోరు" అంది. అంతకన్నా ఎవరికీ తెలియదు. మగవాళ్ళ పేర్లు ఎక్కువై కలిసిపోతే, ఆడవాళ్ళ పేర్లు అసలు లేక పోయాయి. బావగారు ఆవిడ చోట 'తెర్లాం వారి ఆడపడుచు' అని రాసుకున్నారు.

అంతా అయ్యాక రాజాంలో కంప్యూటర్ షాపులో పెద్ద కాగితం మీద తీయించి తెచ్చారు. గుడి ముందు చాప వేసి పరిచారు. ఇంటిపేరు వాళ్ళంతా వంగి ఎవరి పేరు వాళ్ళు వెతుక్కుంటున్నారు. నేనూ మోకాళ్ళ మీద కూర్చుని వేలు పెట్టి పైనుంచి దిగడం మొదలుపెట్టాను.

మా తోడికోడలు చప్పట్లు కొట్టింది. "సూడండర్రా, గజపతినగరం సదివేస్తన్నాది!"

అందరూ నవ్వారు. నేను మామగారి పేరు దాటాను, అత్తగారి పేరు దాటాను. అక్కడ రెండు కొమ్మలు. ఎడమ పక్క బావగారు, ఆవిడ, వాళ్ళ కింద నా కొడుకు, వాడి భార్య, వాడి పిల్లలు. కుడి పక్క మా ఆయన పేరు. పక్కన 'భార్య: గజపతినగరం వారి ఆడపడుచు.' దాని కింద రెండే మాటలు. మొదటి మాటలో త కింద త వత్తు లేదు, త పక్కన తి ఉంది. కూడబలుక్కున్నాను. సం, త, తి. లే, దు.

నా చదువులో నేను ఎవరి సాయమూ లేకుండా మొదటిసారి చదివిన వాక్యం అది.

మర్నాడు బావగారింటికి వెళ్ళాను. ఆయన పేపరు చదువుతున్నారు.

"బావగారూ, మా ఆయన కింద సంతతి లేదని రాసినారు."

ఆయన కళ్ళజోడు తీశారు. "సదివావా? మంచిదే. రికార్డుల్లో ఎలాగున్నాదో అలాగే రాశానమ్మా. సర్టిఫికెట్లలో ఒకలాగ, ఆధార్లో ఒకలాగ, రాయి మీద ఇంకోలాగ ఉంటే రేపు పిల్లలకి ఇబ్బంది. భోగాపురమోల పాట్లు సూస్తన్నాం గదా."

"రికార్డు రాయించింది మీరే గదా."

ఆయన ఏదో అనబోతుంటే లోపల్నుంచి మా తోడికోడలు గొంతు. "ఏటే, తవుడు తినీసి ఇప్పుడు బిడ్డని అడుగుతన్నావా?"

అదే సమయానికి నా కొడుకు బండి దిగాడు. రాజాంలో ఎరువుల కొట్టు వాడిది. సంగతి వినేసరికి వాడి మొహంలో విసుగు. "రాయి మీద ఏటుంటే ఏటి పిన్నీ? ఎవులు సూడొస్తారు?"

"ఎవులూ సూడకపోతే ఎందుకు కొట్టిస్తన్నార్రా?"

వాడు కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళిపోయాడు.

తవుడు తినీసి. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. ఆ రోజు నా ఒళ్ళో పోసిన తవుడు నేను తినలేదు, ఆవుకు పెట్టారు. ఆవిడకు అదీ తెలుసు. ఎవరినైనా బతిమాలాలన్న కోరిక నాలో ఆ రోజుతో పోయింది. ఏం చేస్తే ఆవిడకు తగులుతుందో, అది ఆలోచించడం మొదలుపెట్టాను. నాట్లు వేస్తున్నప్పుడూ అదే, అన్నం వారుస్తున్నప్పుడూ అదే. ఒళ్ళు తేలిగ్గా ఉండేది.

తాత పేరు మనవడికి పెడతామన్నాను గదా. అందులో ఒక కట్టు ఉంది. పోయిన తాత పేరే పెట్టాలి. బతికున్న మనిషి పేరు ఇంట్లో పుట్టిన బిడ్డకు పెడితే ఆ మనిషి చావు కోరినట్టు. అందుకే మావాళ్ళు ముసలాళ్ళు బతికున్నంతకాలం పిల్లల్ని బాబు, బుజ్జి అని పిలుస్తూ ఆగుతారు. ఇక బతికున్న పెద్దవాళ్ళ పేర్లు తీసుకెళ్ళి చచ్చిపోయిన పిల్లలకు పెట్టిన మనిషి మా వంశంలో అంతకుముందు లేదు.

రాయిని గుడి గోడలో అమర్చేశాక, చెక్కడానికి రాజాం నుంచి మేస్త్రి వచ్చాడు. కంప్యూటర్లో తీసిన అక్షరాల ముక్కలు రాయి మీద అంటించుకుని వాటి మీద ఉలి నడుపుతాడు. పై తరాలు చెక్కడం అయిపోయి మా మామగారి పేరు దగ్గరకొచ్చిన రోజున నేను వెళ్ళాను. ఇంటిపేరు పెద్దలంతా ఉన్నారు. చేటలో తవుడు తెచ్చి గోడ వెనక పెట్టి, చేతులు దులుపుకుని ముందుకొచ్చాను.

"బావగారూ, నాకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయినారు. సంతతి లేదంటే ఆళ్ళు పుట్టనేనట్టు అవుతాది. పోయినోలైనా ఆళ్ళ పేర్లు కొట్టించండి."

ఆయన మొహం తేటపడింది. నేను కొడుకు సంగతి ఎత్తుతానని భయపడి ఉంటారు. పెద్దల వైపు తిరిగి, "అందులో తప్పేటున్నాది? న్యాయమే" అన్నారు. "ఆళ్ళకి పేర్లున్నాయేటి మరి?"

"అప్పుడు పెట్టనేదు. ఇప్పుడు పెట్టినాను."

"మంచిది. అమ్మవారి ముందు సెప్తన్నాను, నువ్వు ఏ పేరు పెడితే ఆ పేరే కొట్టిస్తాను."

బావగారి పేరు నేను నోటితో అనకూడదు. చేత్తో రాయకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు, మా ఇంటి కోడళ్ళలో రాసే చెయ్యి ఉంటుందని ఎవరూ అనుకోలేదు గనక. ఇంటి దగ్గర రాసుకుని కొంగున కట్టుకున్న కాగితం విప్పి మేస్త్రికి ఇచ్చాను. అతను పైకి చదివాడు. కొడుకు అని చదివి మా బావగారి పేరు ఇంటిపేరుతో సహా చదివాడు. కూతురు అని చదివి మా తోడికోడలి పేరు చదివాడు. చదివి బావగారి వైపు చూసి, "అయ్యా, ఇది మీ పేరే గదా?" అన్నాడు.

మా తోడికోడలు నెత్తి కొట్టుకుంది.

"సంపీసినాదర్రా! బతికుండగా నన్ను గట్టున పాతీసినాది!"

"నీ మీద పేమతోనే పెట్టినాను అప్పా," అన్నాను. "పెద్దోల పేర్లు నా పిల్లలకి పెట్టుకోడానికి నాకు అక్కు నేదా?"

బావగారు నా ముందుకొచ్చారు. "ఇదేటి పనమ్మా? బతికున్నోల పేరు పోయినోలకి పెడతారా ఎక్కడైనా?"

"మీరే అన్నారు, ఏ పేరు పెడితే ఆ పేరే కొట్టిస్తానని. అమ్మవారి ముందన్నారు. అందరూ ఇన్నారు."

"ఇన్నాను," అంది పెద్దావిడ, ఎవరూ అడక్కుండానే.

మా తోడికోడలు పెద్దావిడ కాళ్ళ దగ్గర కూలబడింది. "పెద్దత్తా, కాగితం సింపీమను. కొట్టొద్దని సెప్పు."

"సింపీస్తే పోతాదేటే? గుడి ముందు పైకి సదివీసినాడు. పేరు పెట్టిన తల్లే ఎనక్కి తీసుకోవాల."

అప్పుడు ఆవిడ నా వైపు తిరిగింది. అన్నేళ్ళలో నాకేం కావాలని ఆవిడ అడగడం అదే మొదటిసారి. "ఏటి కావాలే నీకు?"

గోడ వెనక్కి వెళ్ళి చేట తెచ్చాను. ఆవిడ ఒళ్ళో తవుడంతా పోశాను. పట్టుచీర మీద, చేతుల మీద, నుదుటి చెమట మీద తవుడు అంటుకుంది. "నీ తవుడు నీకిచ్చీసినాను. నా కొడుకుని నా కింద కొట్టించు."

నా కొడుకు అక్కడే ఉన్నాడు. ఒకసారి ఆవిడ వైపు, ఒకసారి బావగారి వైపు చూశాడు. నా వైపు చూడలేదు. "కాగితాల్లో ఏదీ మారదు," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. మారక్కర్లేదన్నాను. నాకు రాయి చాలన్నాను.

బావగారు తల ఊపారు. మేస్త్రి ఎడమ కొమ్మ కింద నుంచి నా కొడుకు పేరున్న ముక్క, కోడలి పేరు, పిల్లల పేర్లు ఒక్కొక్కటే ఊడదీసి కుడి పక్కన మా ఆయన కింద అంటించాడు. పోయిన పిల్లలకు మా నాన్న పేరు, మా అమ్మ పేరు పెట్టాను. వాళ్ళిద్దరూ పోయినవాళ్ళే, ఎవరికీ అభ్యంతరం లేదు. అంతా అయ్యాక మేస్త్రి చేతిలో ఒక ముక్క మిగిలింది, మా ఆయన కింద నుంచి తీసిన ఆ రెండు మాటలది. ఎడమ కొమ్మ కింద ఖాళీ చూపించి, "ఇక్కడ ఏం కొట్టాలి?" అన్నాడు.

"ఆ చేతిలో ఉన్నదే అంటించు," అన్నాను నేను.

అది పాపమని తర్వాత నాతో అన్నవాళ్ళున్నారు. గొడ్రాలి మీద అంత కసి తగదన్నారు. ఏటి గట్టున నా గాజులు తీసిన రోజున వాళ్ళంతా ఎక్కడున్నారని అడిగాను. ఉన్నారు, అక్కడే ఉన్నారు.

మేస్త్రి ఆఖరుకు నా దగ్గరకొచ్చి ఆగాడు. "ఆడపడుచు అని ఉందమ్మా ఇక్కడ. ఇప్పుడు కొడుకు వచ్చాడు గదా, తల్లి పేరు ఉంటే బావుంటుంది. పేరేంటి?"

బావగారు ఆలోచించారు. పెద్దావిడ ఆలోచించింది. నా కొడుకు చాలాసేపటికి నా వైపు చూశాడు.

"పిన్నీ, నీ పేరేటి?"

వాడికి చెప్పలేదు. మేస్త్రి చెవి మీదున్న పెన్సిలు అడిగి తీసుకుని, అంటించిన ముక్క పీకేసి, రాయి మీద నేనే రాశాను. నిలబడి, చెయ్యెత్తి, గోడ మీద రాయడం నాకు అలవాటు లేదు. మొదటి అక్షరం పెద్దదైంది, చివరి రెండూ కిందికి జారాయి, ఒక దీర్ఘం పక్క గీతను తాకింది.

"కంప్యూటర్లో తీయించి సరిచేస్తానమ్మా," అన్నాడు మేస్త్రి.

"ఎలాగున్నాదో అలాగే కొట్టు."

అలాగే కొట్టాడు. ఇది జరిగాక నా కొడుకు చాలా నెలలు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు, పిన్నీ అనే. కాగితాల మీద వాడు ఇంకా వాళ్ళ కొడుకే. వాళ్ళ పొలం వాడిదే, ఉండనీ. వాడి పిల్లలు మాత్రం గుడికొచ్చినప్పుడు రాయి ముందు నిలబడి వేలు పెట్టి కొమ్మ వెంట పైకి పోతారు. ఆ వేలు నా దగ్గరకే వచ్చి ఆగుతుంది.

మా తోడికోడలు అమ్మవారికి దణ్ణం పెట్టుకోవడానికి ఆ రాయి పక్కనుంచే వెళ్ళాలి, వేరే దారి లేదు. ఆవిడకు ఇప్పటికీ చదువు రాదు. అంత పెద్ద రాయి మీద తన మొగుడి పేరెక్కడుందో, తన పేరెక్కడుందో తెలియదు, అన్నీ ఒకేలా ఉంటాయి గనక. ఆవిడ చూసి గుర్తుపట్టగలిగేది ఆ వంకర పేరొక్కటే.